వచ్చిన ఊరు

కుక్క పేరు టీపొడి.
రంగూ అదే, మూడుసార్లు మరిగించి
వడగట్టి పారబోసిన రంగు.
వయసు: తెలీదు.
వచ్చిన ఊరు:
అక్కడ ఆగింది నా పెన్ను.

"పలమనేరని రాసుకోండి మేడం" అన్నాడు దొరవేలు.
చొక్కా నిండా చితికిన టమోటా వాసన.
"అంతకు ముందు?"
తల గోక్కున్నాడు. కుక్క కూడా గోక్కుంది.
"అస్సాంలో, జోర్హాట్ దాటినాక ఒక ధాబా.
రొట్టె ముక్క ఏస్తే క్యాబిన్ ఎక్కి కూర్చునింది. మళ్లీ దిగలే.
దావలో ఎన్ని చెక్‌పోస్టులో!
అందురూ నా కాగితాలే అడిగినారు గానీ
దీన్ని ఎవురూ ఏమీ అడగలేదు."

గజ్జి. చెవి అంచుల నుంచి తోక మొదలు దాకా.
మందుల షాపాయన సూది పేరు
సిగరెట్ పెట్టె అట్టమీద రాసిచ్చినాడంట.
"ఒక్క సూదికే పోతాదంట, ఏసి పంపీయండి.
సాయంత్రం లోడుండాది."

షంషాద్ మేడం ఆ అట్ట చదివి
సొరుగులో పెట్టి మూసింది.
"ముందు నెత్తురు చూడాల. అదీ పొద్దు గూకినాక."

"గజ్జి తోలుమీద కదా ఉండేది!"
గొంతు లేచింది. కుక్క చెవులూ లేచాయి.
"లోపల ఇంకేం ఎక్కించుకొచ్చిందో మనకు తెలీదు కదప్పా.
ఆ పక్క దోమలు గుండెలోకి పురుగును దింపుతాయి.
తెలీకుండా ఈ సూది వేస్తే
నెత్తుర్లో పిల్లలన్నీ ఒక్కసారిగా చస్తాయి.
వాటితోబాటు ఇదీ పోవచ్చు."

లోడు వేరేవాడికి పోయింది.
ఓనరు తిట్టిన తిట్లు ఫోన్లోంచి నాకూ వినబడ్డాయి.

చీకటి పడేదాకా వేపచెట్టు కింద ఇద్దరూ.
చెరొక బన్ను.

నాకు గ్రీమ్స్‌పేట గుర్తొచ్చింది.
ఎనిమిదేళ్లు నాకు. బోదకాలు పరీక్షోళ్లు
రాత్రి పదింటికి తలుపు కొట్టేవాళ్లు.
మంచం కింద దూరితే అమ్మ కాలుపట్టి లాగింది.
"పగలు దాంకోనుంటాయంట, రాత్రే తిరుగుతాయంట,
ఏలు చాపు పాపా."

ఏడున్నర. ముందుకాలి మీద జుట్టు గొరిగి
ఒక్క చుక్క తీశాను. గాజుముక్క. మూతగాజు.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత, గంగజాతరలో జనాన్ని
భుజాలతో తోసుకుంటూ ఎవడో పోతున్నట్టు
ఎర్రకణాలు చెదిరాయి.
ఒకటి. పక్కన ఇంకోటి.
దారం ముక్కలు, ఎవరో చివరపట్టి ఆడిస్తున్నట్టు.

"చూస్తావా?"
చాలాసేపు కంటద్దం వదల్లేదు దొరవేలు.
"ఇవి కూడా నైట్ బండ్లేనా మేడం."

రేపు తిరుపతి కాలేజీకి పంపాలి ఇంకో సీసా,
థర్మాకోల్ పెట్టెలో ఐసు మధ్య.
పెద్దపురుగులున్నాయో లేవో అక్కడ తేలాలి.
వైద్యం నెలలు పడుతుందని చెప్పాను, పరిగెత్తనీకూడదని.
"క్యాబిన్‌లో కూర్చునే ఉంటాదిలే" అన్నాడు,
అట్టముక్క తిరిగి అడగలేదు.

ఫారం పూర్తి చేశాను.
వచ్చిన ఊరు: జోర్హాట్ దాటినాక.

వెళ్తాడనుకున్నా. వెళ్లలేదు.
కుడిచేతి వేలు, స్టీరింగు కాయ కాచిన వేలు,
నా బల్లమీద పెట్టినాడు.
"దాని పక్కనే పండుకున్నా మేడం, అవే దోమలు.
నాది ఎప్పుడూ ఎవురూ చూడలేదు."

ఇది పశువుల ఆసుపత్రని చెప్పడానికి
నాకు రవంత సేపు పట్టింది.