పన్నెండో మాత్ర

జీలాంగ్ ఉత్తరాన, చమురు శుద్ధి గొట్టాల పొగ కింద
యెర్కో పెరాయిత్సా మాకు బంతాట నేర్పాడు.

పగలు కార్ల ఫ్యాక్టరీలో తలుపులు బిగించేవాడు,
సాయంత్రం మా లోపల ఏవో మరలు.
కోపమొస్తే క్రొయేషియన్, మరీ కోపమొస్తే మౌనం.
గెలిచిన రోజు మాత్రం
కాల్చిన సార్డీన్ల వాసన, అందరి భుజాల మీదా అదే చెయ్యి.

స్ప్లిట్‌లో తానెంత ఆటగాడో ఎన్నడూ చెప్పలేదు.
మోకాలు చెప్పేది, మెట్లెక్కేటప్పుడు.

రెండుసార్లు కప్పు. మూడుసార్లు ఉద్వాసన.
మూడోసారి కమిటీ వాళ్లు ఉత్తరమైనా రాయలేదు,
గేటు తాళం మార్చారు.
మర్నాడు కంచె బయట నిలబడి
లెఫ్ట్ బ్యాక్ మీద అరుస్తూనే ఉన్నాడు.

నన్ను నాలుగేళ్లు బెంచీ మీదే కూర్చోబెట్టాడు.
ఎందుకని అడగలేదు నేను. అలిగాను, అంతే.

మొన్న ఆసుపత్రిలో
పళ్లెంలో మాత్రలు పేరుస్తున్నాడు:
నలుగురు, ముగ్గురు, ముగ్గురు,
వెనక గోల్‌కీపరుగా పెద్ద తెల్లది.
ఒకటి మిగిలింది. దుప్పటి అంచున పెట్టాడు.
"ఇది నువ్వు" అన్నాడు.

నర్సు వచ్చి అన్నీ వరసగా మింగించింది.
దాన్ని మాత్రం పిడికిట్లో దాచి
నా వంక చూశాడు,
ఇంకా టైముంది అన్నట్టు.