వంతు

ఆ చలికాలం త్బిలిసీలో
ఎవరింటికీ కరెంటు లేదు,
ఒక్క ఆసుపత్రికి తప్ప.

మూడో అంతస్తు నాజిబ్రోలా అక్కడ నర్సు.
ఎవర్ని బతిమాలిందో, ఎవరికేం ముట్టజెప్పిందో
ఇప్పటికీ చెప్పదు.
ఒక సాయంత్రం ఆసుపత్రి గోడ దిగి
మల్బరీ కొమ్మ మీదుగా, బట్టలారేసే తాడు పట్టుకుని
నల్లటి తీగ ఒకటి మా మెట్లదాకా పాకి వచ్చింది.

ఒక్క బల్బుని మోయగల తీగ.
పద్నాలుగు ఇళ్లు.
సాయంత్రం అయిదు నుంచి పొద్దున ఏడుదాకా
ఇంటికో గంట.
వంతుల కాగితం నాతో రాయించారు,
నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని.

మా వంతు రాత్రి రెండింటికి.
అమ్మ లేపి కూర్చోబెట్టి లెక్కలు చేయించేది.
ఈనాటికీ ఆ వేళకి మెలకువ వస్తే
పదమూడో ఎక్కం నోటికొస్తుంది.

తీగ ఏడో అంతస్తు ఓతార్ ఇంటికి ఎక్కాలంటే
ఆరులో ఉన్న వాజా కిటికీలోంచే దారి.
వాళ్లిద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవు.
పైనుంచి నీళ్లు కారి
వాజా ఇంటి కప్పు మీద గొర్రెంత మరక.
వాజా ఏమీ అనలేదు.
కిటికీ చట్రానికి బెజ్జం వేశాడు.
తన కోటు చెయ్యి ఒకటి కత్తిరించి
తీగ ఒరుసుకోకుండా చుట్టూ కుక్కాడు.

అందరూ దేవుళ్లేం కాదు.
పిండి చేబదులు తీసుకుని
గిన్నె కూడా తిరిగివ్వని ఎతేరీ ఉంది.
నాకు జ్వరమొచ్చిన రాత్రి
రొట్టెల క్యూలో, మంచులో,
మా అమ్మ బదులు తెల్లార్లూ నిలబడిందీ ఆవిడే.
గిన్నె మాత్రం ఇవ్వలేదు.

ఫిబ్రవరిలో ఓతార్ పోయాడు.
ఆ సాయంత్రం వంతుల కాగితం మీద
వాజా తన పేరు కొట్టేసి
ఓతార్ అని రాశాడు.
కాసేపటికి ఇంకో పేరు. ఇంకోటి.
నా గుండ్రటి అక్షరాల మీద
ఎవరెవరివో వంకర గీతలు,
పద్నాలుగు గళ్లలోనూ ఒకే పేరు.
ఆ రాత్రి బల్బు
ఆయన తలాపు దగ్గర్నుంచి కదల్లేదు.

లిఫ్టు చచ్చి రెండేళ్లు.
మెట్ల మలుపుల్లో శవపేటిక తిరగదు,
నిలువునా ఎత్తి దించాలి.
ముందు మూల వాజా భుజం.
"నెమ్మది, నెమ్మది" అంటూనే ఉన్నాడు,
మాతోనో,
పదకొండేళ్ల తర్వాత ఆయనతోనో.

ఏప్రిల్లో ఒక అర్ధరాత్రి
తలుపులు దబదబా బాదిన చప్పుడు.
తల నుంచి నీళ్లోడుతూ వాజా.
ఎప్పుడో ఎండిపోయి, ఓతార్ భార్య త్సియాలా
కట్టడం మరిచిన కుళాయి
ఆయన పక్క మీదకి కురుస్తోంది.
హమ్మయ్య, మళ్లీ గొడవే, అనుకున్నాం.

"లేవండర్రా, బకెట్లు పట్టుకురండి!
పైనుంచి కారుతోంది! పైనుంచి కారుతోంది!"
అని ఏడంతస్తులూ ఎక్కి దిగుతూ
పెళ్లి కబురు చెప్పినట్టు చెప్తున్నాడు.