నీటి గీతకు జానెడు పైన

సిరిపురం షోరూములో ఆ కుర్రాడు
ముందుగా రంగులు చూపించాడు.
నేను తీగల మనిషిని.
లైన్‌మన్‌గా స్తంభమెక్కి
లైన్ ఇన్‌స్పెక్టరుగా కిందికి దిగడానికి
ముప్పై ఒక్కేళ్లు పట్టింది.
రంగుల దగ్గర ఎక్కువసేపు నిలబడలేను.

"ఒక్క ఛార్జికి నాలుగొందల కిలోమీటర్లు సార్!"
బాబూ లోహిత్, ఆ నాలుగొందలు ఎవరు నడిపారు?
ఒంటరిగా, ఏసీ కట్టేసి,
చదునైన రోడ్డు మీద, మబ్బు పట్టిన పూటా?
మేం నలుగురం.
మా పైడిరత్నం రెండు సంచులు తక్కువైతే
పెందుర్తి కూడా దాటదు.
మే నెల ఎండలో అనంతగిరి ఘాట్ ఎక్కే లెక్క చెప్పు.
నవ్వాడు.
నవ్వు యూనిట్లలోకి రాదు.

"పోనీ నడిపి చూడండి" అన్నాడు.
సింహాచలం కొండకి తిప్పాను.
నవ్వు అలాగే ఉంది గానీ
వాడి కళ్లు తెర మీది అంకెను వదల్లేదు.
డెబ్బై ఒకటి. అరవై తొమ్మిది.
పైకి చేరేసరికి అరవై ఏడు.
వెనక సీట్లోంచి పైడిరత్నం,
"ఏటయ్యా, ఆగిపోతే తొయ్యడానికి నన్నే దింపుతావేటి?"

దిగుతుంటే అంకె ఒకటి పెరిగింది.
"ఓలమ్మో, తీసుకున్నది తిరిగిచ్చేస్తంది!
మా మరిదికన్నా నయమే."
సంపెంగల పొట్లం ఒళ్లో పెట్టుకుని
కొండ కిందిదాకా ఆ అంకెనే చూసింది.

కంచరపాలెంలో
రోడ్డు మధ్య పడుకున్న కుక్క లేవలేదు.
మేం వస్తున్నట్టు దానికి వినిపించలేదు.
ఆగాను.
అది కల పూర్తి చేసుకుని లేచేదాకా ఆగాను.
ఈ సంగతి ఏ కాగితంలోనూ రాయలేదు.

"పొగ ఉండదు సార్."
ఉంటుంది బాబూ. పరవాడ వైపు చూడు.
తీగకి రెండో కొస నేనెరుగుదును,
అక్కడ బొగ్గు కాలుతూనే ఉంటుంది.
కాకపోతే ఆ గొట్టం
నా మనవరాలి ముక్కు ఎత్తున లేదు.
అందుకు కొంత ఒప్పుకుంటాను.

రాత్రి పాత బిల్లు వెనక రాసుకున్నాను.
మర్రిపాలెం నుంచి అమ్మాయి క్లినిక్, రైతు బజారు,
ఆదివారం భీమిలి.
ఎంత సాగదీసినా రోజుకి ముప్పై దాటలేదు.
నాలుగొందల కోసం పగలంతా పోట్లాడింది
ఏడాదికి రెండుసార్లు వెళ్లే అరకు కోసం.
అరకుకి రైలుంది.

బ్యాటరీకి ఎనిమిదేళ్ల పూచీ.
కింద చీమతలంత అక్షరాల్లో
నీళ్లు దిగితే వర్తించదట.
అద్దాలు మార్చుకుని రెండోసారి చదివాను.

హుద్‌హుద్ వెళ్లిన తెల్లారి
నేను కరెంటుని కాదు, చీకటిని మోశాను వీధి వీధికీ.
రోజుల తరబడి ఊరు బావి అడుగున ఉన్నట్టుంది.
అందుకే ఇక మీద తుఫాను కబురొస్తే
బియ్యం, కొవ్వొత్తులు, మంచినీళ్లతో పాటు
కారు కూడా నింపుకోవాలి.
ఉప్పుగాలి ఇనుమునే తినే ఊరిది,
ప్లగ్గు మూతని వదులుతుందా?

అపార్ట్‌మెంటు సెక్రటరీ గవర్రాజు గారు
చెప్పు విప్పకుండానే తేల్చేశారు,
"అందరి మీటరు మీద నీ ఒక్కడి బండేంటయ్యా?"
అందరిది కాదండీ,
నా మీటరు, నా తీగ, నా ఎర్తింగు.
మీటింగులో పెడతామన్నారు.
మీటింగు ఎప్పుడో ఆయనకే తెలీదు.

ఈలోగా టేపు పట్టుకుని సెల్లారులోకి దిగాను.
మీటరు నుంచి మా స్తంభం దాకా
ఇరవై మూడు మీటర్లు, రెండు మలుపులు.
స్తంభం మీద ఏనాటిదో నీటి గీత,
మోకాలికి కాస్త పైన,
ఎవరూ తుడవని బురద అంచు.
దానికి జానెడు పైన
సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెట్టాను.
ఆలోచించి,
ఇంకో జానెడు పైకి జరిపాను.

ఫోను మోగింది. లోహిత్.
"సార్, తెలుపా, నీలమా?"

సుద్ద చేతిలోనే ఉంది.