పలక మీద కొండ

నాలుగడుగుల గాజు తొట్టి
కర్నూలు రోడ్డులో మూసేసిన బిర్యానీ హోటలుది.
మాలకొండయ్య ట్రాలీ ఆటోలో తెచ్చి దించినప్పుడు
అడుగున ఇంకా ఒక ప్లాస్టిక్ మొసలి
నోరు తెరుచుకునే ఉంది.

మొసలిని పక్కింటి పిల్లకిచ్చి
రాళ్ళ గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

రాళ్ళకేం కరువు చీమకుర్తిలో?
పాలిషింగు యూనిట్ వెనక
తలుపంత, తలగడంత, అరచేయంత
ఎవరికీ అక్కర్లేని ముక్కలు కుప్పలు కుప్పలు.
ఇరవై రెండేళ్ళుగా వాటి అంచులు కోస్తున్నవాణ్ణి,
నాకోసం ఒకటి ఎంచుకోవాల్సొచ్చేసరికి
పెళ్ళిచూపులకెళ్ళినట్టు సిగ్గేసింది.

సుభానీ చెప్పాడు, ఒంగోల్లో చేపల కొట్టు కుర్రాడు:
"ఇవి సిక్లిడ్లన్నా. ఆఫ్రికాలో రాళ్ళ సందుల్లో పుట్టినయ్యి.
మొక్క పెడితే పీకుతయ్యి. ఇసక పోస్తే తవ్వుతయ్యి.
మగదానికి ఇంకో మగది కనపడిందా,
తెల్లారేసరికి ఒకటే మిగులుద్ది.
చూపుకి చూపుకి మధ్య రాయి అడ్డం రావాల. అర్థమైందా?"

అర్థమైంది.
మా వీధిలో రెండు గోడల మధ్య
మూడో గోడ ఎందుకు లేచిందో తెలిసినవాణ్ణి.

"మరి నీళ్ళు?" అనడిగాను భయంగా.
మా బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదు,
సబ్బు నురగ రాదు,
బిందె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది.
సుభానీ నవ్వాడు. "వాటికి అట్టాంటియ్యే కావాల."
ఈ నీళ్ళు కావాలన్న ప్రాణి ఒకటుందని
ఇదే వినడం.

కోటేశ్వరిది మార్కాపురం.
ట్రంకుపెట్టె అడుగునుంచి పలక తీసింది,
చట్రం ఒక మూల ఊడిన పలక.
"కాయితం తడిస్తే పోద్ది. దీనిమీద గియ్యి."

గీశాను. అటొక ఎత్తు, ఇటొక ఎత్తు, మధ్యలో దారి.
"ఇది కొండ కాదు, రైసుమిల్లు గేటు" అంది.
తడివేలితో చెరిపేసింది.

మళ్ళీ గీశాను. గుహకి ఒకటే నోరు.
"తరిమితే ఎటు పోద్ది?"
చెరిపేసింది.
రెండో వాకిలి లేకపోతే గుహ కాదంట, బోనంట.
ఆ మాట అన్నప్పుడు నావైపు చూడలేదు.

ఆరు రాత్రులు.
బలపం అరిగింది గానీ కొండ పెరగలేదు.

ఏడోనాడు రాళ్ళు కడిగి దించాం.
రాయి గాజు మీదే ఆనాలి, ఇసక తర్వాత.
ముందే ఇసక పోసి మీద రాయి పెడితే
చేప కింద తవ్వుద్ది, రాయి కూలుద్ది.
ఇది మాత్రం నాకెవరూ చెప్పక్కర్లేదు.
క్వారీలో నాలుగో బెంచీ కింద
చెంచురామయ్య అన్నం తింటున్నప్పుడు
పైన బండకి కింద ఊతం జారింది.
క్యారియరు మూత ఒక్కటే
దొర్లుకుంటూ బయటికొచ్చింది.
అందుకే ప్రతి రాయినీ రెండు చేతుల్తో ఊపి చూశాను.
ఊగితే తీసేశాను.
ఊగకపోయినా ఇంకోసారి ఊపాను.

గెలాక్సీ ముక్క ఒకటి మాత్రం
ముచ్చటపడి ముందు పెట్టుకున్నా,
నేను తీసిన మెరుపు నాకే కనపడేటట్టు.
నీలం మగది దాన్ని చూసింది.
నల్లరాతి చుక్కల నడుమ
ఇంకో నీలం మగది.
రెక్కలు విప్పింది. పొడిచింది. తిండి మానేసింది.
పొద్దుగూకేదాకా పొడిచింది.
మూతి తెల్లబడింది.

మోచేతులదాకా ముంచి
ఆ రాయిని తిప్పాను.
ఓడలెక్కి పోయే ముఖాన్ని వెనక బండకానించి
సాన తగలని గరుకు ముఖం ఇటు పెట్టాను.

చేప కాసేపు వెతికింది.
ఎవరూ లేరు.
లోపలికి పోయి
రెండో వాకిట్లోంచి బయటికొచ్చింది.

పలక ఇంకా కిటికీలోనే ఉంది.
దానిమీది కొండకీ తొట్టిలో కొండకీ
ఎక్కడా పోలిక లేదు.
కోటేశ్వరి ఒక మూల చెరిపి
పాల లెక్క రాసుకుంది.