తడిగుడ్డ

పెళ్ళిపత్రిక నా పేరున వచ్చింది.
హెడ్ క్లర్కు గారి రెండో అమ్మాయి పెళ్ళి,
విజయనగరం కంటోన్మెంటులో ఫంక్షన్ హాలు.
వెనకాల అచ్చేసిన బొమ్మ చూపించి
నువ్వు పనిచేసిన లోగిలే కదమ్మా, అన్నాను.
అమ్మ దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా చూసింది.
"కాదు. మా నోగిలి ఇంత పొడుగు నేదు."

ముప్పై ఒక్క ఏళ్ళు.
పెరటి తలుపున లోపలికి, పెరటి తలుపున బయటికి.
గాలి ఇటు తిరిగిన రోజున
నెల్లిమర్ల మిల్లు కూత వినిపించేది, లేని రోజున
వినిపించినట్టే లేచేది.
చెల్లాయమ్మగారు మేడ దిగే లోపు
హాలు ఆరిపోయి ఉండాలి.
ఎవరో తుడిచినట్టు తెలియకూడదు.
అది ఆ ఇంటి పద్ధతి.

ముందు గుమ్మంలో, పన్నీరు చల్లే పిల్ల
ఈవిడ మీద చల్లాలా వద్దా అని ఒక క్షణం చూసి, చల్లింది.
అమ్మ నిలబడి నాలుగు వైపులా చూసి
"ఎవులిదే ఈ ఇల్లు?" అంది.
స్తంభాలు చూపించాను. రంగుటద్దాల కిటికీ చూపించాను.
తల అడ్డంగా ఊపింది.
కాళ్ళు లాగుతున్నాయని
అన్ని కుర్చీలు ఉండగా నేలమీద కూర్చుంది.
నాకు సిగ్గేసింది, అబద్ధమెందుకు.
మా ఆఫీసు వాళ్ళు మూడో వరసలో ఉన్నారు.

నేలమీదకి దిగాక ఆమెకి ఇల్లు దొరికింది.
"ఇదిగో, నల్లగడి మీద సీలిక.
దివాంజీ గోరు సుట్టల పెట్టె జారిడిసింది ఇక్కడే.
ఇది సిరా. సిన్నబాబు పరీచ్చ తప్పినప్పుడు ఇసిరికొట్టాడు,
నిమ్మసెక్కెట్టి మూడ్రోజులు రుద్దినాను."
మున్నూట పన్నెండు గళ్ళు.
ఒక్కటి తక్కువైతే నన్నడుగు, అంది.
పైకప్పు ఏ రంగుండేదమ్మా, అడిగాను.
తెలీదు.
మనుషులూ మోకాళ్ళ దాకానే తెలుసు.
ఎవరు తాగి వచ్చారో, ఎవరెవరికి మాటల్లేవో
మడమలు చెప్పేవట.
చెల్లాయమ్మగారికి కోపమొస్తే
కుడికాలి మెట్టె బండమీద టక్కుమనేది.

మేళం ఆగిన సందులో, నా వైపు చూడకుండా, చెప్పింది.
భూముల కాగితాలొచ్చిన రాత్రి,
మగవాళ్ళు అరుచుకుని ఎవరి గదుల్లోకి వాళ్ళు పోయాక
చెల్లాయమ్మగారు దీపం లేకుండా వచ్చి
వంటింటి వెనక అరుగు మీద తన పక్కనే కూర్చున్నారట.
ఎత్తులో తేడా లేకుండా.
పొద్దుటి నుంచీ ఏమీ తినలేదన్నారట.
అమ్మ సత్తుగిన్నెలో చోడి అంబలి ఉంది, సగం ఉల్లిపాయ ఉంది.
తాగింది ఆవిడ. గిన్నె అంచు దాకా వేలు పెట్టి తుడుచుకుంది.
"అప్పుడు సూసినాను మొకం.
మొకం ఉందే ఆవిడికి. గెడ్డం కాడ పుట్టుమచ్చ."

ఎవరికీ చెప్పకు సన్యాసీ, అందట.
తెల్లారి అదే మెట్టె, టక్కున.
వెండి గ్లాసుల లెక్క రెండుసార్లు పెట్టించింది.
ఆ నెల జీతంలో
ఎప్పుడో పగిలిన సాసరు ఖరీదు పట్టుకుంది.

నువ్వేమీ అనలేదా?
"ఏటంతాను. సెప్పకన్నాది, సెప్నేదు.
ఇప్పుడు ఇల్లే ఆలది కాదు కదా అని నీకు..."
మళ్ళీ మేళం అందుకుంది.

ఎవరి పిల్లాడో బాదంపాలు ఒలకబోశాడు.
నీలం చొక్కా కుర్రాడు కర్రగుడ్డ తోసుకుంటూ వచ్చాడు,
ముందుకి తుడుస్తూ, తుడిచిన చోటే తొక్కుతూ.
లెగండమ్మా, పైన కూకోండి, అన్నాడు.
నేను చెయ్యి అందించాను. పట్టుకోలేదు.
కాళ్ళు పక్కకి జరుపుకుని
మూడో వరస తిరిగి చూసేంత గట్టిగా
"ఎనక్కి నడు నాయినా" అంది.
"ఎనక్కి నడిస్తేనే
మనం వొచ్చినట్టు తెలీదు."

వాడి చెవుల్లో తీగలున్నాయి. ముందుకే పోయాడు.
పాలంటిన అడుగులు తెల్లగళ్ళ మీద కనపడలేదు,
నల్లగళ్ళ మీద పడ్డవి
మేం భోజనం చేసి వచ్చేసరికీ ఉన్నాయి.
అమ్మ వంగి లెక్కపెట్టింది.
పదకొండు.