ఏడు గరిటెలు

మిట్టూరులో మా ఇంటి గడప నుంచి
చర్చి వీధి మలుపు దాకా
నా కాలికి అయిదు నిలుపులు.
బస్సుకు ఒకటే.

మొదటిది పాత్రల అంగడి.
ఆడికొచ్చేసరికి పిక్క పట్టేస్తుంది,
లోపల ఎవురో తడిగుడ్డ పిండినట్టు.
ఊరికే నిలబడితే పరువేం కాను?
ఒక గరిటె తీసి వెనకా ముందూ చూస్తా,
గోటితో కొట్టి మోత వింటా,
ధర అడిగి ముఖం చిట్లిస్తా.
ఈలోపల నొప్పి దిగిపోతుంది.
ఒక్కోసారి దిగదు.
అప్పుడు గరిటె కొంటా.

ఏడోది చూసి వళ్ళియమ్మ అనింది:
"చట్టిలో ఉంటే కదయ్యా గరిటెకొచ్చేది,
ఇన్ని గరిటెలు పెట్టుకోని ఏం గీరతావు?"

నలభై రెండేళ్ళు బోరు మోటార్లు దింపినోణ్ణి.
గుడిపాల, యాదమరి, తవణంపల్లి,
యాడి నీళ్ళు ఎట్లాంటివో
పైపు కోసి చూసి చెప్పేవాణ్ణి.
ఉప్పునీళ్ళ బోర్లో రెండించీల పైపు
పదేళ్ళకు చిటికినవేలు దూరదు.
లోపలంతా తెల్లగా, గవ్వ మాదిరి గట్టిగా.
సుత్తి మొనతో గీరితే పొరలు పొరలుగా రాలేది.
బయట రంగు గూడా పోయుండదు.

తిరుపతి ఆసుపత్రిలో
షాహీన్ అనే పిల్ల నా కాలికి మిషను ఆనించి
చానాసేపు వినింది.
మోచేతి కాడ ధడ్ ధడ్ మనింది.
చీలమండ కాడ,
నీళ్ళు రాని కొళాయి తిప్పినప్పుడు వస్తుందే,
ఆ బుస.

చేతికి పట్టీ కట్టింది, కాలికి పట్టీ కట్టింది.
"కాల్లోనే ప్రెషరు జాస్తి చూపిస్తా ఉంది సార్."
సంతోషపడినా.
"అది మంచిది కాదు సార్. గొట్టం గట్టిపడిపోతే
పట్టీకి నొక్కుకోదు. అందుకే అంకె పెద్దది."

నవ్వొచ్చింది నాకు. తర్వాత రాలేదు.
ముల్లు ఇరుక్కుపోయిన గేజీని చూపించి
ప్రెషరు బ్రహ్మాండమని చెప్పి
కూలి తీసుకోని ఇంటికొచ్చిన రోజొకటుంది.
యాదమరి వరదయ్య.
పదైదు దినాలకు ఆయన చెరుకు ఎండింది.
ఇన్నేళ్ళు ఎవురికీ చెప్పలే.

ఎక్స్‌రేలో ఎముకలు కనపడాల.
నాకు ఎముక పక్కన ఇంకో రెండు గీతలు,
పిక్క పొడుగునా, ముగ్గు పిండితో గీసినట్టు.
నెత్తురు పోయే దారి ఫొటోలో కనపడకూడదంట.
కనపడిందంటే సున్నమంట.
వక్కాకులో వేసుకునే సున్నమా అని అడిగినా.
కాదంట. చక్కెర, బీడీ, వయసు.
గుండె బాగుందన్నారు.
చట్టిలో ఉంది,
గరిటెకే రావడంలేదు.

"గీరెయ్యలేరా సామీ" అన్నా.
డాక్టరు చిన్నోడు, నవ్వలేదు.
"గీరే మిషన్లు గూడా ఉండాయి. ముందు నడవండి.
నొప్పి పుట్టేదాకా నడిచి, ఆగి,
తగ్గినాక మళ్ళీ నడవండి.
పక్క కాలవలు మెల్లగా తెరుచుకుంటాయి.
వేలికి చిన్న పుండు పడినా
ఆ దినమే రండి.
బీడీ ముట్టుకుంటే మాత్రం రావాకండి."

రాత్రిళ్ళు కాలు మంచం మీద ఉండనంటుంది.
కిందికి వేలాడదీస్తే కొంచెం ఊరట,
నీళ్ళు పల్లానికే కదా.
మోకాటి కింద వెంట్రుకలు
ఎప్పుడు రాలిపోయినాయో నేను చూడలే.
బండరాయి మాదిరి చల్లటి ఆ పాదాన్ని
వళ్ళియమ్మ ఒళ్ళో పెట్టుకోని
టీవీలో ఎవురినో తిడతా ఉంటుంది.

నిన్న మళ్ళీ మొదటి నిలుపు.
గరిటె మీద చెయ్యి పడకముందే
అంగడి చెంగల్రాయుడు
ఒక స్టూలు తెచ్చి మెట్టు పక్కన వేసినాడు.
"మా నాయన బిందెలు చూసేవోడు" అన్నాడు,
ఇంకేమీ అనలే.

కూచోలేదు నేను.
ఆ స్టూలు పట్టుకోని, నిలబడే
వీధి చూస్తా ఉండినా.
అవతల బట్టలంగడి అద్దం ముందర
నా ఈడాయన ఒకడు
పసుపు చీర కట్టిన బొమ్మను
అదే పనిగా చూస్తా ఉండాడు,
బరువంతా ఒక కాలి మీదేసి.