మేకమ్మిన్

బంగారుపాళ్యెం హైస్కూలు, ఆరో తరగతి గడప.
మే ఐ కమిన్ అని విడివిడిగా పలికిస్తే
నలభై గొంతుల్లో అతుక్కుని
మేకమ్మిన్ అయిపోతుంది.
బోర్డు మీద గీతలు పెట్టి విడగొట్టాను.
మధ్యాహ్నం గంటకల్లా మళ్లీ ఒకటే ముద్ద.

తోతాపురి లారీ హారన్ కొడితే పాఠం ఆగుతుంది.
"పార్డన్ మేడమ్" అనాలి అప్పుడు.
"ఏంది మేడమ్?" అంటారు.
కొన్నిసార్లు దిద్దను.

సోమవారం చెంగల్రాయుడు రెండో పీరియడ్‌కి వచ్చాడు.
చెప్పులు చేత్తో పట్టుకుని
"మేకమ్మినా మేడమ్."
క్లాసంతా గొల్లుమని నవ్వింది. నేనూ నవ్వాను.
"మే. ఐ. కమ్. ఇన్."

"అది కాదు మేడమ్. నిజింగానే అమ్మినా.
అవ్వ కంటి ఆపరేషనుకి, శుక్రవారం సంతలో.
మా నాయిన తాడు నా చేతికే ఇచ్చినాడు."

నల్లమేక. చెవి మీద తెల్లమచ్చ.
రోజూ వాడి వెనకాలే వచ్చి
గేటు సందులో తల పెట్టి
మే, మే అనేది.

గోడ మీద చార్టులో ముప్పై వాక్యాలున్నాయి, నా చేతిరాతే.
వెతికాను.
"రా నాయినా, లోపలికి రా" అన్నాను.

గేటుకి నేను కట్టించిన తీగ
ఇంకా అట్లే ఉంది.